1998 నాటి మారుతి 800: మసకబారిన మీటరు వెలుగు, కుంగిపోయిన డ్రైవరు సీటు

మున్నేటి ఒడ్డు, ఖమ్మం

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1998లో కొన్న మారుతి 800 ఉంది. కార్బ్యురేటరు మోడలు. పదిహేనేళ్లు నిండిన తరువాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటూ, గ్రీన్ ట్యాక్స్ కడుతూ, ఇంజిను పనులు వేళకు చేయిస్తూ వచ్చాము కనుక బండి నడకలో ఏ లోపమూ లేదు. దీనిని ఎక్కువగా నడిపేది అరవై ఎనిమిదేళ్ల మా నాన్నగారు. ఈ బండి కొలతలన్నీ తన చేతికి తెలుసుననీ, మా వీధుల్లో దీనిని తిప్పినంత సులువుగా మరొకటి తిప్పలేననీ ఆయన అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఉన్న బండినే ఆయనకు సుఖంగా, భద్రంగా ఉండేలా బాగు చేయించాలని నిశ్చయించుకున్నాను.

ఇబ్బందులు రెండు. మొదటిది డ్యాష్‌బోర్డు వెలుగు. చీకటి పడ్డాక స్పీడోమీటరు అంకెలు ఆయనకు సరిగా కనిపించడం లేదు. పార్కింగ్ లైట్లు మాత్రమే వేసినప్పుడు మీటరులో కొంత వెలుగు ఉంటుంది. హెడ్‌లైట్లు కూడా వేయగానే అది ఇంకా తగ్గిపోతుంది. మీటరు ఎడమ సగం కంటే కుడి సగం మరీ మసకగా ఉంది. ఇక్కడి కార్ డెకార్ దుకాణంలో అడిగితే, లోపలి బల్బులన్నీ తీసివేసి నీలం రంగు ఎల్‌ఈడీలు బిగిస్తే కొత్త కార్లలాగా మెరుస్తుందని చెప్పారు.

రెండోది సీటు. డ్రైవరు సీటు కుడివైపు, అంటే తలుపు పక్కన, బాగా కుంగిపోయింది. ఆ అంచున రెక్సిన్ చిరిగి, పచ్చబడిన స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. కాసేపు నడిపితే చాలు, నాన్నగారికి నడుము ఒకవైపు పట్టేస్తోంది. పైన లెదరెట్ కవర్లు తొడిగిస్తే సరిపోతుందని అదే దుకాణం వారు అంటున్నారు.

నీలం ఎల్‌ఈడీలు మంచివేనా? సీటుకు కవరు ఒక్కటే చాలునా, లేక లోపలి నుంచి చేయించాలా? ఈ పనులు తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

ఆటోనగర్ వైరింగ్, విజయవాడ

నమస్కారమండి. ఆటోనగర్‌లో చాలాకాలంగా ఆటో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నవాడిని కనుక వెలుగు సంగతి వరకు నేను చెబుతాను. సీటు గురించి ఆ పని తెలిసినవారే చెప్పాలి.

ఎల్‌ఈడీల ఆలోచన కాసేపు పక్కన పెట్టండి. పార్కింగ్ లైట్లతో ఉన్న వెలుగు హెడ్‌లైట్లు వేయగానే తగ్గుతోందని మీరు రాశారు. బల్బులు పాతబడటం ఒక్కటే కారణమైతే రెండు సందర్భాల్లోనూ వెలుగు ఒకే తీరుగా మసకగా ఉండాలి. హెడ్‌లైట్లు ఎక్కువ కరెంటు లాగినప్పుడు మీటరు వెలుగు పడిపోతోందంటే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఎక్కడో అడ్డు ఏర్పడింది. అది తుప్పుపట్టిన ఎర్తు పాయింటు (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లేందుకు తీగను బండి బాడీకి బిగించిన చోటు) కావచ్చు, వదులైన కనెక్టరు కావచ్చు, లోపలి కాంటాక్టులు కాలి నల్లబడిన లైట్ల స్విచ్ కావచ్చు. ఇంత వయసున్న బండ్లలో ముందుగా అనుమానించవలసింది ఎర్తునే. ఫిలమెంటు బల్బు వోల్టేజీ విషయంలో చాలా సున్నితమైనది: వోల్టేజీ నూటికి పది పాళ్లు తగ్గితే వెలుగు నూటికి ముప్పై పాళ్ల దాకా తగ్గిపోతుంది. కాబట్టి దారిలో ఒక వోల్టు పోయినా కంటికి అది పెద్ద లోపంగానే కనిపిస్తుంది.

పరీక్షించడం కష్టమేమీ కాదు. వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఒకటి తీసుకుని, ఇంజిను నడుస్తుండగా, హెడ్‌లైట్లు వేసి, ఒక మొనను బ్యాటరీ మైనస్ మీద, మరొక మొనను మీటరు వెనుక ఎర్తు తీగ చేరే చోట ఉంచండి. 0.1 లేదా 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్తు బాగాలేదని అర్థం. ఆ తీగ బాడీకి బిగించిన బోల్టు విప్పి, రింగు టెర్మినల్‌నూ దాని కింద రేకునూ మెరిసేదాకా గీకి, మళ్లీ గట్టిగా బిగించి, పైన కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాయండి. ఎర్తు బాగానే ఉంటే ఇదే పద్ధతిలో ప్లస్ వైపు కూడా చూసుకోవాలి: బ్యాటరీ ప్లస్ దగ్గరి నుంచి ఫ్యూజు దాకా, ఫ్యూజు నుంచి స్విచ్ దాకా, స్విచ్ నుంచి మీటరు దాకా కొలుచుకుంటూ వస్తే వోల్టేజీ ఎక్కడ పోతోందో తెలిసిపోతుంది. చాలా బండ్లలో మీటరు వెలుగుకూ వెనుక టెయిల్ లైట్లకూ ఫ్యూజు ఒక్కటే ఉంటుంది కనుక, మీ టెయిల్ లైట్లు కూడా మసకగా ఉన్నాయేమో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. అవి కూడా మసకగా ఉంటే దోషం మీటరులో లేదు, దానికి ముందే ఉంది.

ఇక కుడి సగం మరీ మసకగా ఉండటానికి కారణం మీటరు లోపలే ఉంటుంది. దానిని బయటికి తీయక తప్పదు. మొదట బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం స్క్రూలు తీసి, మీటరును కొద్దిగా ముందుకు లాగి, వెనుక స్పీడోమీటరు కేబుల్‌ను దాని పట్టు నుంచి విడిపించిన తరువాతే పూర్తిగా బయటికి తీయాలి. కేబుల్ తగులుకుని ఉండగా గుంజితే మీటరు మెడ విరుగుతుంది. వెనుక ఉన్న బల్బు హోల్డర్లను పావు వంతు తిప్పితే ఊడి వస్తాయి. అవి ఆనుకునే పలుచని ప్లాస్టిక్ పొర మీద రాగి దారులు ఉంటాయి. ఆ రాగి నల్లబడితే బల్బుకు కరెంటు సరిగా అందదు. దానిని పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన బట్టతో తుడవండి. గరుకు కాగితం మాత్రం వాడకండి, రాగి పొర చాలా పలుచన కనుక ఒక్క గీతతో తెగిపోతుంది. హోల్డరు ఇత్తడి నాలుకలు చదునైపోయి ఉంటే కొద్దిగా పైకి వంచండి.

అందరూ మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. మీటరు డబ్బా లోపలి గోడలు మొదట తెల్లగా ఉంటాయి. బల్బు వెలుగు ఆ తెలుపు మీద పడి చెదిరి అంకెల వెనుకకు చేరుతుంది. పాతికేళ్ల వేడికి ఆ తెలుపు గోధుమ రంగుకు మారి, బల్బుల చుట్టూ మసి మచ్చలు కూడా పడతాయి. ఎంత మంచి బల్బు పెట్టినా ఆ గోడలు వెలుగును మింగేస్తాయి. సబ్బు నీటి తడిబట్టతో తుడిచి, ఆరాక, మెరుపు లేని తెల్ల రంగు పలుచగా వేస్తే తేడా మీకే తెలుస్తుంది. కొందరు అల్యూమినియం రేకు అతికిస్తారు, అది ఊడి రాగి దారుల మీద పడితే షార్టు అవుతుంది కనుక ఆ పని వద్దు. ముందున్న పారదర్శకమైన ప్లాస్టిక్ మూతను పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడవకూడదు, పగుళ్లు వస్తాయి. ప్లాస్టిక్ పాలిష్‌తో రుద్దితే చిన్న గీతలు పోతాయి. ముల్లును మాత్రం వేలితో కదపకండి, అది తన స్థానం తప్పితే ఆ తరువాత మీటరు చూపించేది తప్పుడు వేగం.

ఇంత చేశాక కొత్త బల్బులు వేయండి. పాత బల్బు మీద ఎన్ని వాట్లని రాసి ఉందో అన్ని వాట్లదే కొనండి. ఇలాంటి మీటర్లలో సాధారణంగా టీ10 అనే, లోహపు టోపీ లేని గాజు బల్బు, 3.4 వాట్లది ఉంటుంది. అదే కొలతలో 5 వాట్లది కూడా దొరుకుతుంది, హోల్డరులో సరిగ్గా పడుతుంది కూడా. కానీ ఆ వేడికి లోపలి ప్లాస్టిక్ మెత్తబడి వంకర పోతుంది.

అప్పటికీ వెలుగు చాలకపోతే ఎల్‌ఈడీల మాట ఆలోచించవచ్చు. వాటిలో మూడు సంగతులు చూసుకోవాలి. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ తేడా ఉంటుంది. వెలగకపోతే చెడిపోయిందని అనుకోకుండా తీసి తిప్పి పెట్టి చూడాలి. ఫిలమెంటు బల్బు అన్ని వైపులా వెలుగు పంచుతుంది, ముందుకు మాత్రమే వెలుగు చిమ్మే ఎల్‌ఈడీ పెడితే ఒకచోట మెరుపు, పక్కన చీకటి ఏర్పడతాయి కనుక చుట్టూ చిప్పులున్న రకమే తీసుకోవాలి. డయలు వెనుక ఆకుపచ్చ ఫిల్టరు ఉంటే దానికి ఆకుపచ్చ ఎల్‌ఈడీనే సరిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. వెలుగునిచ్చే బల్బులను మార్చవచ్చు గానీ, బ్యాటరీ గుర్తు ఉన్న ఎర్ర హెచ్చరిక బల్బు జోలికి వెళ్లకండి. పాత బండ్లలో బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు మేల్కొనడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే అంత కరెంటు పారదు, బండి స్టార్టు చేసి రేసు ఇచ్చేదాకా ఛార్జింగు మొదలు కాకపోవచ్చు. బ్యాటరీ ఎందుకు దిగిపోతోందో తెలియక ఆల్టర్నేటరు మార్చుకున్నవారిని నేను చూశాను. అలాగే కుడి ఎడమ ఇండికేటర్లు రెండింటికీ కలిపి మీటరులో ఒకే గుర్తు బల్బు ఉన్న బండ్లలో కరెంటు రెండు దిక్కులా పారుతుంది; మామూలు ఎల్‌ఈడీ పెడితే ఒకవైపు ఇండికేటరుకే వెలుగుతుంది.

కంటిచూపు, హైదరాబాదు

నేను ఆప్టోమెట్రిస్టును, అంటే చూపు పరీక్షించి కళ్లద్దాలు కుదిర్చేవాడిని. పైవారు చెప్పిన వైరింగు సంగతులకు నేను కలపగలిగినది లేదు గానీ, నీలం రంగు గురించి తప్పక చెప్పాలి. వద్దు.

వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పచ్చబడి నీలం కాంతిని ఎక్కువగా అడ్డుకుంటుంది. మిగిలిన నీలం కూడా ఇతర రంగులకంటే ఎక్కువగా చెదురుతుంది, రెటీనాకు కొంచెం ముందే కేంద్రీకృతమవుతుంది. దానివల్ల నీలం అంకెల అంచులు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. పాతికేళ్ల కుర్రవాడికి అందంగా కనిపించే వెలుగు మీ నాన్నగారికి అంకె చదవడానికి పనికిరాకపోవచ్చు. పసుపు ఛాయ ఉన్న తెలుపు గానీ, నారింజ గానీ, బండికి మొదటి నుంచి ఉన్న ఆకుపచ్చ గానీ మేలు.

మరొకటి. ఇరవై ఏళ్ల వయసులో రెటీనాకు చేరే వెలుగుతో పోలిస్తే అరవై ఏళ్లకు దాదాపు మూడో వంతే చేరుతుంది. కనుక ఆయనకు ఎక్కువ వెలుగు కావాలన్నది నిజమే. కానీ మీటరు మరీ దేదీప్యమానంగా ఉంటే చీకటికి అలవాటుపడిన కన్ను ఆ అలవాటు కోల్పోతుంది, అది పూర్తిగా తిరిగి రావడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. పైగా ఆ వెలుగు బండి ముందు అద్దంలో ప్రతిఫలించి రోడ్డుకు అడ్డం వస్తుంది. వీధి దీపాలు లేని రోడ్డు మీద, అంకెలు అప్రయత్నంగా చదవగలిగినంత వెలుగు ఉంటే చాలు.

అసలు నేను ముందుగా అడగవలసిన ప్రశ్న: మీ నాన్నగారు ఏ కళ్లద్దాలతో నడుపుతున్నారు? బైఫోకల్ అద్దాలలో పై భాగం దూరానికి, కింది భాగం సుమారు 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకానికి కుదిర్చి ఉంటాయి. డ్యాష్‌బోర్డు కంటికి 70, 80 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ దూరానికి రెండు భాగాలూ సరిపోవు. పగటి వేళ కనుపాప చిన్నగా ఉంటుంది కనుక అంకెలు ఎలాగో ఆనతాయి. రాత్రి కనుపాప విచ్చుకోగానే ఆ మసక బయటపడుతుంది, మనం మాత్రం బల్బును తప్పుపడతాము. పై నుంచి కిందికి పవరు క్రమంగా మారే ప్రోగ్రెసివ్ అద్దాలతో ఈ మధ్య దూరం చాలామందికి చక్కబడుతుంది. ఎదుటి బండ్ల లైట్లు ఆయన కంటికి చెదిరి పెద్దవిగా కనిపిస్తున్నాయంటే శుక్లం మొదలై ఉండవచ్చు, దానిని వైద్యునికి చూపించకుండా వదలకూడదు. మీటరు విప్పేలోపే కంటి పరీక్ష చేయించండి. రాత్రి వేళ బండి నడిపే మనిషి విషయంలో ఇది వాయిదా వేయదగినది కాదు.

సూదీ దారం, విజయవాడ

సీటు సంగతి నేను చెబుతాను. మాది సీట్లు కుట్టే పని. లారీ సీట్ల నుంచి అంబాసిడర్ బెంచి సీట్ల దాకా చేశాము.

మీ సీటు కవరు చిరగడం వల్ల పాడవలేదు. లోపల పాడయింది కనుకే కవరు చిరిగింది. మన దేశంలో డ్రైవరు తలుపు కుడివైపు ఉంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒంటి బరువంతా ఆ కుడి అంచు మీద పడి జారుతుంది. ఏళ్ల తరబడి ఆ రాపిడికి అంచున స్పాంజి నలిగి, పొడి అయి, రెక్సిన్‌కు కింద ఆధారం లేకుండా పోతుంది. ఆధారం లేని రెక్సిన్ ముడతపడి, ముడత దగ్గర చిరుగుతుంది. ఎండ కూడా తోడవుతుంది: రెక్సిన్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం వేడికి క్రమంగా ఆవిరై అది పెళుసుబారుతుంది. ఖమ్మం ఎండలో నిలబడే బండికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఇప్పుడు మీరు పైన కొత్త లెదరెట్ తొడిగిస్తే కొన్నాళ్లు కంటికి బాగుంటుంది. గుంట గుంటలాగే ఉంటుంది, నడుము నొప్పి నొప్పిలాగే ఉంటుంది, అదే చోట కొత్త కవరు కూడా చిరుగుతుంది.

సీటును బండిలో నుంచి దింపించండి. దింపినప్పుడు ఆ కింది చాపలన్నీ ఎత్తి, సీటు బోల్టులు బిగిసే చోట నేల రేకుకు తుప్పు పట్టిందేమో మీరే స్వయంగా చూడండి, ఎందుకంటే ప్రమాదంలో సీటును పట్టి ఉంచేది ఆ రేకే. పాత కవరును చింపవద్దని కుట్టేవారికి ముందే చెప్పండి. దాని కుట్లు ఒక్కొక్కటిగా విప్పితే ముక్కలన్నీ విడివడతాయి, వాటిని కొత్త గుడ్డ మీద పరిచి గీసుకుంటే కొలత తప్పదు. కంటి కొలతతో కత్తిరించిన కవరు మూలల్లో ముడతలు పడుతుంది.

కవరు తీశాక స్ప్రింగులు చూడాలి. కుడివైపు ఏదైనా విరిగిందా, ఫ్రేము కొక్కెం నుంచి జారిందా, సాగిపోయిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఒక్క స్ప్రింగు జారినా సీటు అటువైపు ఒరుగుతుంది. ఫ్రేము వెల్డింగు పగిలి ఉంటే దానిని అతికించకుండా పైపని మొదలుపెట్టకూడదు. స్ప్రింగులకూ స్పాంజికీ నడుమ దళసరి గోనెపట్టా గానీ ఫెల్టు గానీ తప్పకుండా వేయించండి. అది లేకపోతే స్ప్రింగు తీగ స్పాంజిని కింది నుంచి రంపంలా కోస్తుంది. పాత బండ్లలో ఆ పొర ఎప్పుడో చీకిపోయి ఉంటుంది, కొత్తగా చేసేవారు కూడా దానిని వదిలేస్తుంటారు. మీరు దగ్గరుండి అడగాలి.

స్పాంజి విషయంలో ‘డెన్సిటీ’ అన్న మాట మీకు వినిపిస్తుంది. 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు స్పాంజి 40 కిలోల బరువు ఉంటుందని అర్థం. అది గట్టిదనానికి కొలత కాదు, మన్నికకు సూచన. తక్కువ డెన్సిటీ స్పాంజి కూడా చేతికి గట్టిగానే తగలవచ్చు గానీ త్వరగా అణిగిపోతుంది. కారు సీటుకు 40కి తగ్గకుండా వేయించండి. మొత్తం మార్చవలసిన అవసరం ఉండకపోవచ్చు: మధ్య భాగం వేలితో నొక్కితే వెంటనే పైకి లేస్తోందంటే దానిని ఉంచి, పొడిబారిన కుడి అంచును మాత్రం మంచి స్పాంజి కనిపించేదాకా కోసివేసి, కొత్త ముక్కను అదే ఆకారానికి చెక్కి, రబ్బరు జిగురుతో అతికించవచ్చు. అంచు ముక్క మధ్యభాగం కంటే కొంచెం గట్టిగా ఉండాలి. ముక్కలు అతికిన చోట గీత తెలియకుండా పైన సన్నని స్పాంజి పొర ఒకటి కప్పాలి.

పాత ఎత్తు కంటే మరీ ఎత్తు చేయించకండి. పెద్దవారికి ఎక్కి దిగడానికి కాస్త ఎత్తు సుఖమే, కానీ మారుతి 800 పైకప్పు తక్కువ ఎత్తు. తల తగలకూడదు, వెనుక వచ్చే బండ్లను చూసే అద్దాల కోణమూ పెడల్ మీద మడమ ఆనే తీరూ మారిపోకూడదు.

గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

పై సలహాలన్నీ మంచివే. అయితే ఇంత పాత బండి సీటుకు ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. తుక్కుకు వచ్చిన ఆల్టో సీట్లు ఆటోనగర్‌లలో దొరుకుతాయి. వాటిని తెచ్చి బిగించుకుంటే తలకు ఆనుడు కూడా వస్తుంది, కుట్టుపని తప్పుతుంది. మా బంధువుల బండికి అలాగే చేయించారు.

సూదీ దారం, విజయవాడ

గోదావరి గట్టు గారూ, అదే బండికి చెందిన అదే మోడలు సీటు, ఫ్రేము బాగున్నది దొరికితే నేనూ అవునంటాను. మారుతి 800 తయారీ 2014 జనవరి దాకా సాగింది కనుక అలాంటివి దొరకడం అరుదేమీ కాదు. కానీ వేరే మోడలు సీటుకు పట్టాలు, బోల్టు రంధ్రాలు అక్షరాలా సరిపోవాలి. సరిపోనప్పుడు చేసేది ఏమిటంటే, ఇనుప పట్టీలు వెల్డింగు చేసి, నేల రేకుకు కొత్త రంధ్రాలు వేసి బిగించడం. బండి దేనికైనా గుద్దుకున్నప్పుడు మనిషి బరువుకు ఎన్నో రెట్ల బలం ఆ పట్టీల మీద పడుతుంది. రోడ్డు పక్క వెల్డింగు దానికి నిలుస్తుందని నేను పూచీ ఇవ్వలేను, ఇంకెవరూ ఇవ్వకూడదు. ఇక సీట్ల సంఖ్య మారకుండా ఉన్న సీటునే మళ్లీ కుట్టించుకోవడానికి రవాణా శాఖ అనుమతి అక్కరలేదు. ఆర్‌సీలో నమోదైన వివరం మారితేనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు వస్తుంది.

తలకు ఆనుడు గురించి మీరు అన్నది మాత్రం ముఖ్యమైన మాట. ప్రశ్న వేసినవారి సీటుకు అది లేకపోతే, అదే మోడలులో ఆనుడు ఉన్న సీటు వెతకడం నిజంగా మంచిది. దిండులాంటిది పైన కట్టుకోవడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

మున్నేటి ఒడ్డు, ఖమ్మం

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆటోనగర్ వైరింగ్ గారు చెప్పినట్లే ఎర్తు దగ్గర కొలిచి చూస్తే హెడ్‌లైట్లు వేసినప్పుడు ఒక వోల్టుకు దగ్గరగా చూపించింది. ఆ బోల్టు విప్పి శుభ్రం చేయగానే మీటరుతో పాటు టెయిల్ లైట్లు కూడా వెలుగు పుంజుకున్నాయి. మీటరు ఇంకా విప్పలేదు. కంటిచూపు గారి ప్రశ్నకు జవాబు: నాన్నగారివి బైఫోకల్ అద్దాలే. ఈ వారమే పరీక్షకు తీసుకువెళుతున్నాను, ఆయన కూడా ఒప్పుకున్నారు.

సీటుకు తలకు ఆనుడు ఉంది కనుక అదే సీటును కుట్టిస్తాను. రెక్సిన్ మంచిదా, గుడ్డ మంచిదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మా ఊరి ఎండాకాలం మీకు తెలిసినదే.

ఆటోనగర్ వైరింగ్, విజయవాడ

సంతోషం. మీటరు విప్పే పని మాత్రం మానకండి, కుడి సగం మసక దానంతట అది పోదు. బండి ముందు అద్దం లోపలి వైపు కూడా తుడిపించండి. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ ఎండకు వదిలే ఆవిరి అద్దానికి పలుచని పొరలా పట్టి ఉంటుంది, రాత్రి ఎదుటి లైట్లను అదే చెదరగొడుతుంది.

సూదీ దారం, విజయవాడ

కూర్చునే మధ్యభాగానికీ వీపు ఆనే భాగానికీ నేసిన గుడ్డ, రాపిడి పడే అంచులకూ వెనుక వైపుకూ రెక్సిన్ వేయించండి. మే నెలలో ఎండలో నిలిపిన బండి ఎక్కితే రెక్సిన్ తొడలను కాలుస్తుంది, చెమట పీల్చదు, ఒళ్లు జారుతుంది. గుడ్డ గాలి ఆడనిస్తుంది. కానీ కుడి అంచున గుడ్డ వేస్తే ఆ రాపిడికి పోగులు తేలుతాయి. అందుకే రెండూ కలపడం. కార్ల కోసమే తయారైన గుడ్డ అడగండి, సోఫా గుడ్డ వద్దు; వాహనాల లోపలి సామగ్రి ఎంత త్వరగా మండవచ్చునన్న దానికి ఐఎస్ 15061 అనే భారతీయ ప్రమాణం ఉంది, సోఫా గుడ్డను దానికోసం పరీక్షించి ఉండరు.

కుట్టుకు పాలిస్టరు లేదా నైలాను దారమే వాడాలి, నూలు దారం చెమటకూ ఎండకూ చీకిపోతుంది. రెక్సిన్ మీద కుట్లు మరీ దగ్గర దగ్గరగా పడకూడదు, రంధ్రాల వరుస వెంట అది చిరుగుతుంది. తొడిగేముందు కవరును కాసేపు ఎండలో ఉంచితే రెక్సిన్ మెత్తబడి ముడతలు లేకుండా సాగుతుంది.

ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. స్పాంజి పని పూర్తయ్యాక, కవరును తీగ రింగులతో ఫ్రేముకు బిగించకముందే, సీటును బండిలో తాత్కాలికంగా నాలుగు బోల్టులతో నిలిపి, మీ నాన్నగారిని పిలిచి కూర్చోబెట్టించండి. స్టీరింగు పట్టుకుని, క్లచ్ పూర్తిగా తొక్కి, అద్దాలు చూసి, నడుము కింద ఎత్తు సరిపోయిందో, కుడి అంచు తొడకు గుచ్చుకుంటోందో ఆయనే చెప్పాలి. అప్పుడైతే స్పాంజిని అర అంగుళం చెక్కడమో, ఒక పొర కలపడమో పది నిమిషాల పని. మూసి కుట్టిన తరువాత చెబితే మొత్తం విప్పాలి, అప్పుడు కుట్టేవారు ఏవో మాటలు చెప్పి పంపేస్తారు. బోల్టులు చివరిసారి బిగించేటప్పుడు కూడా దగ్గరే ఉండి, నాలుగూ పూర్తిగా బిగిశాయో లేదో మీ చేతితో చూసుకోండి.